పాత స్పోర్ట్స్ కారులో ఇంజిన్ బలం పెంచడం: ఏది ముందు, ఏది తర్వాత

పాత స్పోర్ట్స్ కారు చేతికి వచ్చిన కొత్తలో చాలామంది ముందుగా పెద్ద కార్బ్యురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపే భాగాలు) కొంటారు. తర్వాత మెరిసే ఎగ్జాస్ట్ పైపులు, ఆ తర్వాత క్యామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను (గాలి, పొగ వెళ్లే తలుపులను) తెరిచే ఇరుసు. అన్నీ బిగించాక కారు మునుపటికంటే గట్టిగా గర్జిస్తుంది, కానీ చడావు ఎక్కేటప్పుడు మునుపటికంటే ఎక్కువ ఆయాసపడుతుంది. కొన్న భాగాల్లో లోపమేమీ ఉండదు. బిగించిన వరుసే తప్పు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ వరుస గురించే.

1960ల నుంచి 1990ల మొదటి సంవత్సరాల దాకా వచ్చిన పెట్రోలు కార్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎంజీబీ, డాట్సన్ 240జెడ్, బీఎండబ్ల్యూ 2002, మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 లాంటివి. మీ కారు వేరేదైనా సూత్రాలు మారవు, అంకెలు మాత్రం మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి.

బలం ఎక్కడినుంచి వస్తుంది

ఇంజిన్‌లోకి పెట్రోలు ఎంతైనా పోయవచ్చు. కొరత అంతా గాలిదే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి. ఆ గాలినంతా సన్నని దారుల గుండా, వాల్వ్ తెరిచి ఉండే క్షణకాలంలో లోపలికి లాగాలి. కాబట్టి బలం పెంచే దారులు నాలుగే: ప్రతి పీల్పులో ఎక్కువ గాలి నింపడం, నింపిన దాన్ని గట్టిగా నొక్కి మండించడం, నిమిషానికి ఎక్కువసార్లు ఆ పని చేయించడం, సిలిండర్లనే పెద్దవి చేయడం. దుకాణంలో దొరికే ఏ భాగమైనా వీటిలో ఏ పని చేస్తుందో చెప్పలేకపోతే దాన్ని కొనకండి.

టార్క్ అంటే క్రాంక్‌షాఫ్ట్‌ను (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ప్రధాన ఇరుసును) తిప్పే బలం. పవర్ అంటే ఆ బలంతో ఎంత వేగంగా పని జరుగుతోందన్న లెక్క. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ను ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఒక హార్స్‌పవర్ 0.746 కిలోవాట్. 5,000 ఆర్‌పీఎం దగ్గర 140 న్యూటన్ మీటర్లు ఇచ్చే ఇంజిన్ పవర్ 98 హార్స్‌పవర్. అదే టార్క్‌ను 6,000 దాకా నిలబెట్టగలిగితే 118. పాత ఇంజిన్లలో మనం చేసే పని ఎక్కువగా ఇదే. టార్క్ శిఖరాన్ని కొద్దిగా పెంచుతాం, పై ఆర్‌పీఎంలలో అది జారిపోకుండా పట్టి ఉంచుతాం.

మొదటి మెట్టు: ఎంత కావాలో తేల్చుకోవడం

1962లో వచ్చిన ఎంజీబీ 1,798 సీసీ ఇంజిన్ 95 హార్స్‌పవర్ ఇచ్చేది. అంటే ఇంజిన్ పరిమాణంలో ఒక్కో లీటరుకు (1,000 సీసీకి) 53. పుష్‌రాడ్లతో (వాల్వులను తోసే కడ్డీలతో), సిలిండర్‌కు రెండేసి వాల్వులతో నడిచే ఇలాంటి ఇంజిన్‌ను లీటరుకు 65 నుంచి 70 దాకా తీసుకెళ్లినా రోజూ నడుపుకోవచ్చు. 80 దాటితే దానికి పందెం కారు స్వభావం వచ్చేస్తుంది. ఐడిల్‌లో (పెడల్ తొక్కనప్పుడు) నిలవదు, ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, 3,000 ఆర్‌పీఎం లోపు మందంగా ఉంటుంది. ఏడాదిలో ఎన్ని రోజులు రోడ్డు మీద నడుపుతారు, ఎన్ని రోజులు ట్రాక్ మీద నడుపుతారు అన్నది కాగితం మీద రాసుకోండి. ఆ జవాబే మిగతా ప్రతి నిర్ణయాన్నీ శాసిస్తుంది.

పాత బ్రోషర్లలోని అంకెలను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. అమెరికాలో 1972కు ముందు కంపెనీలు ప్రకటించినవి ఎక్కువగా గ్రాస్ అంకెలు. ఇంజిన్‌ను విడిగా బెంచి మీద పెట్టి, సైలెన్సర్, ఆల్టర్నేటర్ లాంటి భారాలు లేకుండా కొలిచినవి. ఇప్పుడు డైనో (బలం కొలిచే యంత్రం) మీద చక్రాల దగ్గర కొలిస్తే వచ్చే అంకె వాటికంటే చాలా తక్కువ ఉంటుంది. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్లు కలిసి 15 శాతం దాకా తినేస్తాయి. మొదటి కొలత చూసి దిగులుపడవద్దు. ఆ అంకెతో మీకు ఒకటే పని: తర్వాత వచ్చే అంకెను దానితో పోల్చడం.

ఇక్కడే బరువు మాట కూడా చెప్పాలి. 950 కిలోల కారులో 95 హార్స్‌పవర్ ఉందనుకోండి. 50 కిలోలు తగ్గిస్తే ఆ కారు 100 హార్స్‌పవర్ ఉన్నదానిలా ముందుకు దూకుతుంది. ఇంజిన్ మూత తెరవకుండానే దొరికే ఆ అయిదు హార్స్‌పవర్లు బ్రేకులకూ, టైర్లకూ కూడా మేలు చేస్తాయి.

రెండో మెట్టు: పోయిన బలాన్ని ముందు వెనక్కి తెచ్చుకోవడం

నలభై, యాభై ఏళ్లు నడిచిన ఇంజిన్ తన పుట్టినప్పటి బలంలో కొంత ఎప్పుడో పోగొట్టుకుని ఉంటుంది. ఆ సంగతి తేలకుండా కొత్త భాగాలు బిగించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఈ మెట్టు మీద మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం గడపమని నా గట్టి సలహా.

ముందు చాలా చిన్న పరీక్ష. ఇంజిన్ ఆపి, ఒకరిని యాక్సిలరేటర్ పెడల్ పూర్తిగా తొక్కమనండి. మీరు కార్బ్యురేటర్ దగ్గర నిలబడి థ్రాటిల్ (గాలిని లోపలికి వదిలే రెక్క) పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడండి. సాగిన కేబుల్ వల్లనో, పెడల్ కింద మందంగా పరిచిన మ్యాట్ వల్లనో థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోని కార్లు చాలా ఉంటాయి. దీన్ని సరిచేయడానికి ఒక స్పానర్ చాలు.

తర్వాత కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్‌ను బాగా వేడి చేయండి. స్పార్క్ ప్లగ్‌లన్నీ విప్పండి, కాయిల్ వైరు తీసేయండి, పెట్రోలు సరఫరా ఆపండి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకోండి. ఒక్కో సిలిండర్‌కు గేజి బిగించి, సూది ఇక పైకి ఎక్కని దాకా స్టార్టర్‌తో తిప్పండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉంటే మంచిది. ఏదైనా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లో ఉంది. పెరగకపోతే వాల్వుల్లో. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే ముందు హెడ్ గ్యాస్కెట్‌ను (సిలిండర్లకూ వాటి పై మూత అయిన హెడ్‌కూ మధ్య ఉండే పొరను) అనుమానించాలి.

దీనికంటే లోతైనది లీక్‌డౌన్ పరీక్ష. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ చివర, పై అంచున నిలిపి, ప్లగ్ రంధ్రం గుండా కంప్రెసర్ గాలి పంపి ఎంత శాతం కారిపోతోందో చూస్తారు. గాలి వేసినప్పుడు ఇంజిన్ తిరిగిపోకుండా చూసుకోవాలి, ఫ్యాన్ దగ్గర చేతులు ఉంచకూడదు. 10 శాతం లోపు అయితే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. 20 దాటితే విప్పాల్సిందే. ఎక్కడ కారుతోందో చెవే చెబుతుంది. ఆయిల్ పోసే మూత దగ్గర బుసబుస వినిపిస్తే రింగులు, కార్బ్యురేటర్‌లో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, వెనక పైపులో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్. పాత ఇంజిన్ తన కథంతా ఇలా విప్పి చెప్పే పరీక్ష ఇంకొకటి లేదు.

వేడెక్కిన ఇంజిన్‌లో ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఆయిల్ ఒత్తిడి ఉండాలన్నది పాతకాలం నుంచీ వస్తున్న కొలబద్ద. అది లేకపోతే బేరింగులను పట్టించుకోకుండా పై పనులు మొదలుపెట్టవద్దు. టాపెట్ల (క్యామ్ నెట్టుడును వాల్వులకు అందించే భాగాల) సందును మాన్యువల్ చెప్పిన కొలతకు సరిచేయండి. చల్లగా ఉన్నప్పుడు కొలవాలా, వేడిగా ఉన్నప్పుడా అన్నది కూడా అందులోనే రాసి ఉంటుంది.

బ్రేకులు, టైర్లు, స్టీరింగ్ కీళ్లు కూడా ఈ మెట్టులోనే బాగుపడాలి. కారులో ఉండే గతిజ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 120 దగ్గర ఆపాల్సిన శక్తి 44 శాతం ఎక్కువ. ఇంజిన్ పనయ్యాక బ్రేకులు చూద్దామనుకునేవాళ్లు దయచేసి ఈ ఒక్క అంకె గుర్తుంచుకోండి.

మూడో మెట్టు: ఇగ్నిషన్

అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ ఫలితం ఇచ్చే చోటు ఇదే. ఒక్కో సిలిండర్‌కు స్పార్క్ పంచే పాత డిస్ట్రిబ్యూటర్‌లో షాఫ్ట్ బుష్ అరిగి ఊగుతుంటుంది, లోపలి బరువుల స్ప్రింగులు సాగిపోయి ఉంటాయి, వ్యాక్యూమ్ డయాఫ్రం చిరిగి ఉంటుంది. ఫలితంగా స్పార్క్ ఒక్కో సిలిండర్‌కు ఒక్కో సమయంలో పడుతుంది.

టైమింగ్ లైట్ పెట్టే ముందు పుల్లీ మీది గుర్తు నిజం చెబుతోందో లేదో చూసుకోండి. క్రాంక్ పుల్లీల్లో చాలావాటికి లోపలి, బయటి వలయాల మధ్య రబ్బరు ఉంటుంది. ఏళ్ల తరబడి వాడాక ఆ రబ్బరు వదులై బయటి వలయం జారుతుంది, దానితోపాటు గుర్తూ జారుతుంది. ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాపర్ బిగించి, క్రాంక్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి, అది ఆగిన రెండు చోట్లా పుల్లీ మీద గీతలు పెట్టండి. ఆ రెండింటి సరిగ్గా మధ్య బిందువే అసలైన టాప్ డెడ్ సెంటర్, అంటే పిస్టన్ పై అంచున ఉండే చోటు.

ఐడిల్ దగ్గర టైమింగ్ పెట్టి వదిలేయడం చాలామంది చేసే పని. బలానికి ముఖ్యమైనది పూర్తి అడ్వాన్స్, అంటే పిస్టన్ పై అంచుకు చేరడానికి గరిష్ఠంగా ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడుతోందన్న లెక్క. వ్యాక్యూమ్ గొట్టం తీసి, దాని చివర మూసి, అడ్వాన్స్ ఇక పెరగని ఆర్‌పీఎం దాకా ఇంజిన్‌ను తీసుకెళ్లి కొలవండి. ఇది సాధారణంగా 3,500 పైన ఉంటుంది. రెండు వాల్వుల పాత ఇంజిన్లు చాలావరకు 32 నుంచి 36 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తాయి. డైనో మీద ఒక్కో డిగ్రీ పెంచుతూ వెళ్లి, బలం పెరగడం ఆగిన చోటినుంచి రెండు డిగ్రీలు వెనక్కి రండి. ఆ రెండు డిగ్రీలు వేసవి ఎండకూ, నాసిరకం పెట్రోలుకూ విడిచిపెట్టే రక్షణ.

గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు శబ్దం వస్తే అది నాకింగ్. మంట క్రమంగా వ్యాపించాల్సింది పోయి, మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలిపోతోందని అర్థం. వెంటనే పెడల్ వదిలేయండి. పిస్టన్లకు రంధ్రాలు పడేది దీనివల్లే.

కాంటాక్ట్ పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టడం మంచి పనే. అది కొత్త బలాన్ని సృష్టించదు కానీ సరిచేసిన టైమింగ్ నెలల తరబడి చెదరకుండా ఉంటుంది. కొన్ని కార్లలో కాయిల్‌కు ముందు బల్లాస్ట్ రెసిస్టర్ ఉంటుంది. మాడ్యూల్‌కు ఎంత ఓమ్‌ల కాయిల్ కావాలో చదివి, అదే వాడండి. తప్పు కాయిల్ పెడితే మాడ్యూల్ కాలిపోతుంది.

నాలుగో మెట్టు: చల్లని గాలి, తేలికగా వెళ్లే పొగ

గాలి 3 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక శాతం పలచబడుతుంది. బానెట్ కింద గాలి బయటికంటే 30 డిగ్రీలు వేడిగా ఉండటం మామూలే. రేడియేటర్ ముందునుంచి గొట్టం వేసి ఫిల్టర్ దాకా చల్లని గాలి తెస్తే ఆ నష్టంలో చాలా భాగం తిరిగి వస్తుంది. ఫిల్టర్ మార్చేటప్పుడు కార్బ్యురేటర్ ముఖాన ఉండే బాకా ఆకారపు గొట్టాన్ని తీసేయవద్దు. గాలి సుడులు తిరగకుండా లోపలికి మళ్లించేది అదే.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను కలిపే పైపులు) విషయంలో నాలుగు సిలిండర్ల కారుకు రెండు రకాలు దొరుకుతాయి. నాలుగు పైపులు రెండుగా, రెండు ఒకటిగా కలిసే రకం మధ్య ఆర్‌పీఎంలలో టార్క్ పెంచుతుంది. నాలుగూ ఒకేచోట కలిసే రకం పైన పనిచేస్తుంది. ఒక సిలిండర్ పొగ వేగంగా దూసుకుపోతూ తన వెనక ఒత్తిడి తగ్గిస్తుంది. ఆ తరుగు సరైన సమయానికి పక్క సిలిండర్‌కు చేరితే అందులోని పొగను లాగేస్తుంది. పైపుల పొడవు, కలిసే చోటు నిర్ణయించేది ఈ సమయాన్నే. రోడ్డు కారుకు నేను మొదటి రకమే ఎంచుకుంటాను. పైపు వ్యాసం మరీ పెద్దదైతే పొగ వేగం తగ్గి, ఈ లాగుడు పోతుంది. వేడి ఆపడానికి పైపులకు గుడ్డపట్టీ చుట్టడం కంటే సిరామిక్ పూత మేలు. పట్టీ తేమ పట్టి ఉక్కును తుప్పు పట్టిస్తుంది.

అయిదో మెట్టు: పెట్రోలు

ఈ మెట్టు ఎక్కేముందు ఎగ్జాస్ట్ పైపులో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్‌కు ఒక బుష్ వెల్డ్ చేయించండి. అది గాలికి, పెట్రోలుకు ఉన్న నిష్పత్తిని నడుస్తుండగానే చూపిస్తుంది. పూర్తి థ్రాటిల్ దగ్గర 12.5 నుంచి 13 మధ్య, నిలకడగా నడిచేటప్పుడు 14 నుంచి 15 మధ్య ఉండాలి. ఒకప్పుడు ప్లగ్ రంగు చూసి ఊహించిన సంగతిని ఇప్పుడు అంకెల్లో చదవవచ్చు. పాత కారుకు కొనదగిన ఆధునిక పరికరం ఒక్కటే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

ఉన్న కార్బ్యురేటర్లు ఎస్‌యూ రకమైతే (సూది పైకీ కిందికీ కదులుతూ పెట్రోలు కొలిచే బ్రిటిష్ రకం) తొందరపడి తీసేయకండి. థ్రాటిల్ స్పిండిల్ అరిగి గాలి పీలుస్తుంటే కొత్త బుష్‌లు వేయించండి, డ్యాంపర్‌లో ఆయిల్ నింపండి, మారిన ఇంజిన్‌కు తగిన సూదిని డైనో మీద ఎంచుకోండి. జంట ఎస్‌యూలతోనే లీటరుకు 65 హార్స్‌పవర్ దాకా హాయిగా వెళ్లవచ్చు.

వెబర్ డీసీఓఈ లాంటి పక్కవాటు జంట గొంతుల కార్బ్యురేటర్లు పెట్టదలిస్తే జాగ్రత్త పడాల్సింది చోక్ పరిమాణం దగ్గర. ఇక్కడ చోక్ అంటే గొంతులోని సన్నని భాగం. అది పెద్దదైతే తక్కువ ఆర్‌పీఎంలో గాలి వేగం పడిపోయి, పెట్రోలు సన్నని తుంపరగా విడిపోదు. మెయిన్ జెట్‌కు (పెట్రోలు వచ్చే రంధ్రానికి) మొదటి అంచనా చోక్ మిల్లీమీటర్లకు నాలుగు రెట్లు. 32 చోక్‌కు 128 వస్తుంది కాబట్టి 130 జెట్‌తో మొదలుపెట్టవచ్చు. ఎయిర్ కరెక్టర్‌కు (ఆ పెట్రోలులో గాలి కలిపే రంధ్రానికి) మెయిన్ జెట్ కంటే 50 ఎక్కువ, అంటే 180. అక్కడినుంచి సెన్సార్ చెప్పినట్టు మార్చుకుంటూ వెళ్లాలి. పెట్రోలు ఒత్తిడి 3 పీఎస్‌ఐ దగ్గర ఉంచండి. ఆధునిక పంపు ఒత్తిడికి, పెట్రోలు మట్టాన్ని అదుపుచేసే ఫ్లోట్ సూది తట్టుకోలేదు, పెట్రోలు పొర్లిపోతుంది.

100 హార్స్‌పవర్ నిలకడగా ఇవ్వడానికి గంటకు దాదాపు 30 లీటర్ల పెట్రోలు కావాలి. పాత పంపు అంత ఇవ్వగలదో లేదో ఒక సీసాలోకి పట్టి కొలవండి. 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వాడుతుంటే మిశ్రమాన్ని 3 నుంచి 4 శాతం చిక్కన చేయాలి, పాత రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చాలి. మెత్తబడిన గొట్టం కారి, పెట్రోలు వేడి మానిఫోల్డ్ మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఆరో మెట్టు: సిలిండర్ హెడ్

రెండు వాల్వుల ఇంజిన్‌లో అసలు బలం దాగి ఉన్నది ఇక్కడే. అందులోనూ వాల్వ్ సీటుకు అటూ ఇటూ ఒక సెంటీమీటరు మేరలోనే. ఆ చోట కరుకు అంచులను నున్నగా చేసి, 45 డిగ్రీల సీటుకు పైన 30, కింద 60 డిగ్రీల వాలు కోసి, వాల్వ్ వెనక భాగాన్ని చక్కదిద్దితే గాలి ప్రవాహం స్పష్టంగా పెరుగుతుంది. పోర్టునంతా (వాల్వ్ దాకా గాలి వెళ్లే దారిని) గరాటులా వెడల్పు చేయడం తప్పు. గాలికి వేగం ఉంటేనే పిస్టన్ పైకి రావడం మొదలయ్యాక కూడా ఆ ఊపుతో లోపలికి దూసుకొస్తుంది. తీసిన లోహాన్ని తిరిగి పెట్టలేం. కాబట్టి ఫ్లో బెంచి (గాలి ప్రవాహం కొలిచే పరికరం) మీద కొలిచి, కొద్దికొద్దిగా గీసే మెషిన్ షాపుకే ఈ పని ఇవ్వండి. సీసం కలిపిన పెట్రోలు కాలపు ఇనుప హెడ్ అయితే ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు కూడా ఇప్పుడే వేయించండి.

కంప్రెషన్ పెంచడం కూడా ఇక్కడే. లెక్క సులువు. 1,798 సీసీ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 449.5 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ కిందున్నప్పటి చోటుకూ పైనున్నప్పటి చోటుకూ ఉన్న నిష్పత్తి) 8.8 అయితే, ఒకటి తీసేయగా మిగిలిన 7.8తో భాగించాలి. పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు 57.6 సీసీ. 9.8 కావాలంటే 8.8తో భాగించాలి, 51.1 సీసీ వస్తుంది. అంటే ఒక్కో చాంబర్‌లో ఆరున్నర సీసీలు తగ్గాలి. హెడ్ ముఖాన్ని ఎంత గీకాలో ఊహించకండి. చాంబర్ మీద పారదర్శకమైన పలక పెట్టి, బ్యూరెట్‌తో పల్చని నూనె పోసి ప్రతి చాంబర్‌నూ కొలవండి. నాలుగూ సమానంగా రావాలి. ఇంత చేస్తే దక్కే బలం మూడు శాతం చిల్లర. అయితే ఆ మూడు శాతం అన్ని ఆర్‌పీఎంలలోనూ ఉంటుంది, తర్వాత వచ్చే క్యామ్‌కు పునాది అవుతుంది. ఎంత దాకా పెంచవచ్చన్నది మీరు నమ్మకంగా కొనగలిగే పెట్రోలు ఆక్టేన్ మీద, చాంబర్ ఆకారం మీద ఆధారపడి ఉంటుంది.

ఏడో మెట్టు: క్యామ్‌షాఫ్ట్

ఇంజిన్ స్వభావాన్ని ఇంతగా మార్చే భాగం ఇంకొకటి లేదు. వాల్వ్ ఎంత సేపు తెరిచి ఉండాలి, ఎంత ఎత్తు లేవాలి, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ కలిసి ఎంత సేపు తెరిచి ఉండాలి అన్నవి క్యామ్ నిర్ణయిస్తుంది. ఎక్కువ సేపు తెరిస్తే పై ఆర్‌పీఎంలో సిలిండర్ బాగా నిండుతుంది. అదే క్యామ్‌తో తక్కువ ఆర్‌పీఎంలో, పిస్టన్ పైకి వస్తున్నా ఇన్‌టేక్ వాల్వ్ ఇంకా తెరిచే ఉండి, పీల్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది. నొక్కుడు తగ్గుతుంది. అందుకే పెద్ద క్యామ్‌కు కంప్రెషన్ పెంచడం తప్పనిసరి. కంప్రెషన్ పెంచకుండా క్యామ్ ఒక్కటే మార్చినవాళ్లు ఉన్నదీ పోగొట్టుకుంటారు. క్యామ్‌ను హెడ్ తర్వాతి మెట్టుగా పెట్టింది ఇందుకే.

కేటలాగులో నచ్చినదానికంటే ఒక మెట్టు చిన్నది తీసుకోండి. 1,500 నుంచి 5,500 దాకా లాగే క్యామ్‌తో రోడ్డు కారు సంతోషంగా ఉంటుంది. బ్రేక్ సర్వో (పెడల్ తొక్కడానికి సాయపడే పరికరం) ఇన్‌టేక్ శూన్యంతో పనిచేస్తుందని మరువకండి. పెద్ద క్యామ్ ఆ శూన్యాన్ని తగ్గిస్తుంది, పెడల్ గట్టిపడుతుంది.

బిగించేటప్పుడు చైను గుర్తులను మాత్రమే నమ్మవద్దు. క్రాంక్ ముక్కుకు డిగ్రీ చక్రం, వాల్వ్ మీద డయల్ గేజి పెట్టి, తయారీదారు చెప్పిన డిగ్రీ దగ్గర పూర్తి లిఫ్ట్ (వాల్వ్ లేచే ఎత్తు) వస్తోందని నిర్ధారించుకోండి. పిస్టన్ నెత్తిన కొద్దిగా బంకమట్టి పెట్టి, హెడ్ బిగించి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి ఆ మట్టిని కోసి కొలవండి. ఇన్‌టేక్ వైపు కనీసం 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిగలాలి. కొత్త క్యామ్ లిఫ్ట్‌కు స్ప్రింగుల చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోవడం లేదని కూడా చూడండి.

కొత్త క్యామ్‌కు పాత టాపెట్లు ఎప్పుడూ వాడకండి. రెండూ కలిసి అరగాలి, కలిసి కుదురుకోవాలి. చదునైన టాపెట్లున్న ఇంజిన్ అయితే క్యామ్‌కు అసెంబ్లీ పేస్టు పూసి, జింకు ఎక్కువున్న ఆయిల్ పోసి, మొదటిసారి స్టార్ట్ కాగానే 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య ఇరవై నిమిషాలు నడపాలి. ఐడిల్‌లో వదిలితే క్యామ్ మీదికి చిమ్మే ఆయిల్ చాలదు, కొన్ని నిమిషాల్లోనే దాని ముక్కులు అరిగిపోతాయి. కాబట్టి పెట్రోలు, స్పార్క్, నీళ్లు అన్నీ సరిచూసుకున్నాకే తాళం తిప్పండి.

ఎనిమిదో మెట్టు: కింది భాగం

ఆర్‌పీఎం పరిమితి పెంచాలనుకుంటేనే ఈ మెట్టు. పిస్టన్లు, రాడ్ల మీద పడే జడత్వ బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 6,000 నుంచి 7,000కు వెళితే ఆ బలం 36 శాతం ఎక్కువ. 88.9 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న ఎంజీబీ పిస్టన్ 6,500 దగ్గర సగటున సెకనుకు 19 మీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. కొత్త రాడ్ బోల్టులు, క్రాంక్, ఫ్లైవీల్, క్లచ్ కలిపి బ్యాలెన్స్ చేయించడం, కొత్త ఆయిల్ పంపు, ఇవి కనీసపు ఏర్పాట్లు.

మీ ఇంజిన్‌కు పుట్టుకతో ఉన్న బలహీనతలు తెలుసుకోండి. ఎంజీబీలో 1964 చివర్లో అయిదు బేరింగుల క్రాంక్ వచ్చింది. అంతకుముందున్న మూడు బేరింగుల క్రాంక్‌తో అదే పరుగు పెట్టించకూడదు. తొలి ఎంఎక్స్-5 కార్ల 1.6 ఇంజిన్‌లో క్రాంక్ ముక్కు దగ్గరి కీ గాడి అరిగిపోవడం తెలిసిన సమస్య.

సీసీలు పెంచడం అన్నిటికంటే సాఫీ దారి, సాఫీ స్వభావం ఇచ్చే దారి కూడా. డాట్సన్ 240జెడ్ ఇంజిన్ 2,393 సీసీ. అదే కుటుంబానికి చెందిన తర్వాతి ఎల్28 ఇంజిన్ 2,753 సీసీ, దాదాపు అదే చోట కూర్చుంటుంది. పెరిగిన 15 శాతం సీసీలు అడుగు ఆర్‌పీఎం నుంచే టార్క్ ఇస్తాయి, ఐడిల్ చెడదు. ఇలాంటి సోదర ఇంజిన్ మీ కారుకు ఉంటే క్యామ్ కంటే ముందే దాని గురించి ఆలోచించండి. పాత ఇంజిన్‌ను అమ్మకండి, ఆయిల్ రాసి, చుట్టి దాచండి. అసలు నంబరున్న ఇంజిన్ కారుతోపాటే ఉండాలి.

తొమ్మిదో మెట్టు: టర్బో, సూపర్‌చార్జర్

ఇవి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే పంపులు. వాతావరణ ఒత్తిడికి మరో అర బార్ (దాదాపు అందులో సగం) జోడిస్తే సిలిండర్‌లోకి సిద్ధాంతరీత్యా ఒకటిన్నర రెట్లు గాలి వెళుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి నిజంగా దక్కేది అంతకంటే తక్కువ. బీఎండబ్ల్యూ 1973లో 2002 టర్బోను తెచ్చినప్పుడు ఏం చేసిందో చూడండి. ఇంధన ఇంజెక్షన్ ఉన్న 2002 టీఐఐ 130 హార్స్‌పవర్ ఇచ్చేది, కంప్రెషన్ 9.5. అవే 1,990 సీసీలతో టర్బో 170 ఇచ్చింది, కానీ కంప్రెషన్‌ను 6.9కి దించాకే. నాకింగ్‌ను ఆపడానికి ఆనాడు అంతకంటే దారి లేదు. ఇప్పుడు నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, కంప్యూటర్‌తో నడిచే ఇంజెక్షన్, ఇగ్నిషన్ ఉన్నాయి. వాటిని పెట్టడానికి సిద్ధంగా లేకపోతే పాత ఇంజిన్‌కు టర్బో వద్దు. కార్బ్యురేటర్, పాత డిస్ట్రిబ్యూటర్‌తో టర్బో నడపడమంటే పిస్టన్లను పణంగా పెట్టడమే.

పదో మెట్టు: వేడి, క్లచ్, ట్యూనింగ్

పెట్రోలులోని శక్తిలో దాదాపు మూడో వంతు నీటిలోకి పోతుంది. బలం పెంచితే రేడియేటర్‌కు వెళ్లే వేడీ పెరుగుతుంది. రేడియేటర్ లోపల పేరుకున్న మడ్డి తీయించండి, ఫ్యాన్ చుట్టూ ఉండే కవచం ఉందో లేదో చూడండి, ట్రాక్ మీద నడిపేటట్టయితే ఆయిల్ కూలర్ పెట్టండి. క్లచ్ ఎంత టార్క్ మోయగలదో తెలుసుకుని, దానికంటే కొంత మిగులు ఉన్నదే తీసుకోండి. మీ ప్రాంతంలో పొగ, శబ్దం నిబంధనలు, ఇన్సూరెన్స్ షరతులు ఏం చెబుతున్నాయో భాగాలు కొనేముందే చదవండి. చేసిన మార్పులు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

డైనో మీద ఒకసారికి ఒకే మార్పు చేయండి. జెట్టూ, టైమింగూ కలిపి మారిస్తే ఏది మేలు చేసిందో ఎప్పటికీ తేలదు. తేదీ, గాలి ఉష్ణోగ్రత, మార్పు, ఫలితం ఒక పుస్తకంలో రాయండి. శిఖరం దగ్గరి అంకెకంటే, మీరు నిజంగా నడిపే 2,500 నుంచి 5,500 మధ్య గీత ఎంత పైకి లేచిందో చూడండి. శిఖరం దగ్గర 5 హార్స్‌పవర్ తగ్గినా మధ్యలో అంతటా టార్క్ పెరిగితే, ఆ జెట్టునే ఉంచుతాను నేను.

హెడ్ విప్పి బిగించిన ఇంజిన్ అయితే మొదటి 500 కిలోమీటర్లు సగం థ్రాటిల్ దాటకుండా, ఆర్‌పీఎంను పెంచుతూ తగ్గిస్తూ నడపండి. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చండి. తీసిన ఫిల్టర్‌ను కోసి, మడతల్లో లోహపు పొట్టు ఉందేమో వెలుతురులో చూడండి. గ్యాస్కెట్ రకాన్ని బట్టి మాన్యువల్ కోరితే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హెడ్ బోల్టులను వరుస తప్పకుండా మళ్లీ టార్క్ చేయండి, టాపెట్ల సందు సరిచేయండి. చివరగా నాలుగు ప్లగ్‌లూ విప్పి పక్కపక్కన పెట్టండి. నాలుగూ ఒకే లేత గోధుమ రంగులో ఉంటే మూత వేసి, కారు బయటికి తీయండి.